మోటారుబండిలోని కరెంటు యంత్రము

మోటారుబండి గలవాడు బానెట్టు నెత్తి, చెడిపోయిన ఆల్టర్నేటరును తన చేతులతో ఊడదీసి, అంగడినుండి తెచ్చిన మఱియొకదానిని బిగించుకొనుట అమెరికాలోను ఇంగ్లండులోను నేడు వింత కాదు. మొదటిసారి చేయువానికి ఒక పూట పట్టును. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, వోల్టులను చూపు చిన్న మీటరు ఉన్న చాలును. వాడు యంత్రశాస్త్రము చదివినవాడు కానక్కఱలేదు. గుమాస్తా కావచ్చును, బడిపంతులు కావచ్చును, సేద్యగాడు కావచ్చును. రెండువందల యేండ్ల క్రిందట ఇట్టి మాట చెప్పిన పక్షమున నేర్పరులైన కమ్మరులే నవ్వియుందురు. ఒక యంత్రపు భాగమును వేఱొక యూరిలో వేఱొకడు చేసి పంపగా, ఆకురాయి తగిలింపకయే అది తన స్థానమున చక్కగా కూర్చుండుననుట వారి యనుభవమునకు విరుద్ధమైన సంగతి.

కనుక ఈ చిన్న పని వెనుక రెండు చరిత్రలు గలవు. ఒకటి, తిరుగుచున్న చక్రమునుండి విద్యుత్తును పుట్టించు యంత్రముయొక్క చరిత్ర. రెండవది, ఎక్కడనో చేసిన తునుక మఱియెక్కడనో సరిగా అతుకునట్లు చేయుటను మనుష్యుడెట్లు నేర్చెనను చరిత్ర. మొదటిదానిని పాఠశాలలలో చెప్పుదురు. రెండవదానిని చెప్పువారు తక్కువ. నా మట్టుకు నాకు రెండవదియే గొప్పదిగా తోచుచున్నది.

ముందు ఆల్టర్నేటరు అనగా నేమో చెప్పవలెను. పెట్రోలుబండికి ఇంజనులో నిప్పురవ్వ పుట్టవలెను, దీపములు వెలుగవలెను, హారను మ్రోగవలెను, తెల్లవాఱి ఇంజనును మొదట త్రిప్పవలెను. వీటికెల్ల కరెంటు కావలెను. అది బ్యాటరీలో నుండును. అయితే బ్యాటరీ గాదె వంటిదే గాని పొలము వంటిది కాదు. తీసినకొలది తఱుగును. గాదెను మరల నింపు పొలము ఆల్టర్నేటరు. ఇంజను తిరుగునపుడు దాని చక్రమునుండి ఒక రబ్బరు బెల్టు వచ్చి ఈ యంత్రమును త్రిప్పును. త్రిప్పగా పుట్టిన కరెంటు బండి యక్కఱలను తీర్చి, మిగిలినది బ్యాటరీకి చేరును.

సైకిలు చక్రమునకు ఆనించి త్రిప్పెడి సీసా వంటి డైనమోను మీరందఱును ఎఱుగుదురు. త్రొక్కినకొలది దీపము వెలుగును, నిలిచిన నాఱిపోవును. దానిని డైనమో యనుట వాడుకయే గాని శాస్త్రమునకు సరిపడదు. దానిలోపల తిరుగునది అయస్కాంతము; కదలక యుండునది తీగచుట్ట; వెలువడునది ఒకమాఱు ఇటు, ఒకమాఱు అటు పాఱెడి ఏకాంతర విద్యుత్తు. కాబట్టి మన సైకిళ్ళకు అమర్చుకొన్నది నిజమునకు చిన్న ఆల్టర్నేటరు. పెద్ద మోటారుబండ్లు అచటికి చేరుటకు చాల కాలము పట్టెను. అది యెట్లు జరిగెనో వినుడు.

1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేలు ఫారడే ఒక ఇనుపకడియమునకు రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో కరెంటును పోనిచ్చినప్పుడును ఆపినప్పుడును రెండవదానికి తగిలించిన సూది కదలుటను కనిపెట్టెను. అక్టోబరులో అయస్కాంతపు కడ్డీని తీగచుట్టలోనికి దూర్చియు తీసియు అదే ఫలమును పొందెను. ఫారడే ఒక కమ్మరి కుమారుడు; చిన్ననాడు పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొనినవాడు. మఱుసటి యేట పారిసు నగరమున పిక్సీ యను పనిముట్లవాడు ఒక అయస్కాంతమును చేతితో త్రిప్పి, పైనున్న తీగచుట్టలలో కరెంటును పుట్టించు యంత్రమును చేసెను. అయస్కాంతము సగము చుట్టు తిరుగునప్పటికి కరెంటు దిశ మాఱుచుండెను. అప్పటి పండితులకు బ్యాటరీనుండి ఒకే వైపునకు పాఱెడి కరెంటే పరిచితము. కావున ఈ ముందువెనుకల ప్రవాహము వారికి దోషముగా కనబడెను. ఆంపియరు అను పండితుని సూచనమీద పిక్సీ తన యంత్రమునకు ఒక మార్పిడి సాధనమును తగిలించి, ప్రవాహమును ఒకే వైపునకు మరలించెను. దానినే కమ్యుటేటరు అందురు.

ఆ నాడు తగిలించిన కమ్యుటేటరు నూఱేండ్లకు పైగా వదలలేదు. 1867లో జర్మనీలో సీమన్సును, ఇంగ్లండులో వీట్‌స్టనును తన కరెంటుతో తన అయస్కాంతమును తానే బలపఱచుకొను యంత్రమును ప్రకటించిరి. డైనమో యను పేరు దానికి స్థిరపడెను. దీపములు, ట్రాములు, కర్మాగారములు దానితో నడచెను. పట్టణములకు పంపు కరెంటు విషయములో ఏకాంతర విద్యుత్తు 1890 ప్రాంతమున గెలిచెను గాని, మోటారుబండికి ఆ సుళువు లేకపోయెను. ఏలయన, బండిలో బ్యాటరీ యున్నది. బ్యాటరీని నింపుటకు ఒకే వైపు ప్రవాహము కావలెను.

మొదటి మోటారుబండ్లలో అసలు డైనమోయే లేదు. ఇంజనుకు వలసిన నిప్పురవ్వను మాగ్నెటో యను చిన్న యంత్రము ఇచ్చెడిది. జర్మనీవాడైన బాషు దానిని 1897లో మోటారుబండికి పనికివచ్చునట్లు చేసెను. దీపములు కిరసనాయిలువో, కార్బైడు గ్యాసువో. పెండ్లి ఊరేగింపులలో కార్బైడు దీపముల వాసనను ఎఱిగినవారికి ఆ బండ్ల ముందు నిలిచినవాని సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంజనును మొదట త్రిప్పుట మాత్రము మనిషి భుజబలమునకే వదలిపెట్టబడెను. ముందువైపున హాండిలు దూర్చి బలముకొలది త్రిప్పిన గాని అది రగులుకొనెడిది కాదు.

ఈ హాండిలు వలన విఱిగిన చేతులకు లెక్క లేదు. నిప్పురవ్వ పడవలసిన క్షణమునకు ముందే పడిన యెడల పిస్టను పైకి పోక వెనుకకు తన్నును; ఆ తాపు హాండిలుద్వారా మణికట్టునకు తగులును. అట్లు విఱుగు మణికట్టు ఎముక విఱుపునకు వైద్యులు షోఫరు ఫ్రాక్చరు అని పేరే పెట్టిరి. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళతో ఒకే ప్రక్కన నుంచవలెననియు, హాండిలును క్రిందికి నొక్కక పైకి లాగవలెననియు నియమము లేర్పడెను. మన పాతబస్సుల క్లీనర్లు ఏ పుస్తకము చదువకయే ఈ నియమములను ఎఱిగియుండిరి. యుద్ధకాలపు బొగ్గుబస్సులను గూర్చియు, వేకువను వాటిని రగిల్చుటకు పడిన పాట్లను గూర్చియు మీ యిండ్లలో పెద్దలు చెప్పగా వినియుందురు.

ఇచట ఒక కథ గలదు. బైరను కార్టరు అను మోటారుబండ్ల నిర్మాత డిట్రాయిటు నగరపు బెల్ ఐల్ అను దీవిలో, ఆగిపోయిన ఒక స్త్రీ బండికి సాయపడబోగా హాండిలు తన్ని దవుడయెముక విఱిగెననియు, ఆ గాయము ముదిరి చనిపోయెననియు, ఆ బండి కాడిలాకు కంపెనీది యగుటచే దాని యధిపతి హెన్రీ లీలాండు దుఃఖించి హాండిలును తొలగించుటకు ప్రతిన బూనెననియు చెప్పుదురు. కార్టరు 1908లో చనిపోయినమాట నిజము. కాని కాడిలాకు బండిమీద విద్యుత్ స్టార్టరును చూపినది 1911లో. శోకమే కారణమైన యెడల మూడేండ్ల జాగేల? కథలో సత్యము కొంత యుండవచ్చును. అయినను వ్యాపారపు లెక్కను మఱువరాదు. ఆ కాలమున బ్యాటరీతో నడచు విద్యుత్ బండ్లు అమెరికా పట్టణములలో విరివిగా నుండెను. వాటికి హాండిలు లేదు. స్త్రీలు వాటినే కోరెడివారు. పెట్రోలుబండ్లను వేలకొలది చేసి అమ్మిన హెన్రీ ఫోర్డుయొక్క భార్య క్లారా సయితము డిట్రాయిటు ఎలెక్ట్రిక్ అను విద్యుత్ బండినే నడపెను. పెట్రోలుబండికి సగము జనము దూరమైపోవుచుండగా దాని నిర్మాతలు ఊరకుందురా?

ఆ స్టార్టరును చేసినవాడు చార్లెసు కెటరింగు. ఒహాయో రాష్ట్రపు రైతుబిడ్డ. అంతకు ముందు డేటను నగరమున అంగళ్ళలో డబ్బు లెక్కించు యంత్రముల కంపెనీలో పనిచేసి, ఆ యంత్రపు సొరుగు దానంతట తెఱచుకొనునట్లు ఒక చిన్న విద్యుత్ మోటారును అమర్చెను. అప్పుడే ఒక సూక్ష్మము గ్రహించెను. ఎల్లప్పుడును తిరుగవలసిన మోటారు పెద్దదిగా నుండవలెను గాని, కొన్ని క్షణములు మాత్రమే తిరుగవలసినది చిన్నదైనను మిక్కిలి భారమును లాగగలదు. బరువుబండి గట్టెక్కునపుడు మన యెడ్లు ఒక్క క్షణము చూపు బలమును దినమంతయు చూపలేవు కదా! ఇంజనును త్రిప్పుటకు ఇంజనంత మోటారు కావలెనని వాదించిన ఇంజనీర్లు ఈ సంగతిని చూడలేదు. కెటరింగును అతని మిత్రులును ఈ పనిని పెద్ద కర్మాగారములో చేయలేదు. ఎడ్వర్డు డీడ్సు అను మిత్రుని యింటి వెనుకనున్న కొట్టములో, ఉద్యోగము ముగిసిన పిదప సాయంకాలములందు చేసిరి.

1912వ సంవత్సరపు కాడిలాకు బండ్లలో ఈ స్టార్టరు ప్రవేశించెను. అందు ఒకే యంత్రము రెండు పనులు చేసెడిది. మొదట బ్యాటరీనుండి కరెంటు తీసికొని ఇంజనును త్రిప్పును. ఇంజను రగిలిన వెనుక దానిచే త్రిప్పబడి బ్యాటరీకి కరెంటు నిచ్చును. ఇందు గమనింపదగిన దేమనగా, స్టార్టరు వచ్చినందుననే బండికి పెద్ద బ్యాటరీ వచ్చెను. బ్యాటరీ వచ్చినందుననే దానిని నింపు డైనమో నిత్యావసరమయ్యెను. దీపములు పిదప ఆ కరెంటులో పాలు పంచుకొనెను. తరువాతి నిర్మాతలు స్టార్టరును డైనమోను వేఱుచేసిరి. ఫోర్డుయొక్క టి నమూనా బండికి 1919లో స్టార్టరు అమరెను. దానితో హాండిలు కథ అమెరికాలో ముగియ నారంభించెను. మన దేశములో మఱి యేబది యేండ్లకు పైగా నడచెను.

ఇక లీలాండు సంగతి. స్టార్టరు కంటె ముందు ఇతడు చేసిన మఱియొక కార్యము గలదు. మన విషయమునకు అదియే ప్రాణము.

పూర్వము తుపాకిని చేయువాడు గొట్టమును, గుఱ్ఱమును, మీటను ఒకదానికొకటి సరిపడునట్లు ఆకురాయితో రాచి అమర్చెడివాడు. ఒక తుపాకి మీట మఱియొకదానికి పట్టదు. రణరంగమున ఒక చిన్న తునుక విఱిగిన తుపాకి మొత్తము వ్యర్థము. 1785లో పారిసు నగరమున ఆనరే బ్లాంకు అను తుపాకుల శిల్పి, ఒకే తీరు తునుకలను కుప్పలుగా పోసి, చేతికి వచ్చినదానిని తీసి తుపాకి యంత్రమును కూర్చవచ్చునని చూపెను. అప్పుడు అమెరికా రాయబారిగా నున్న తామసు జెఫర్సను స్వయముగా కొన్నిటిని కూర్చి చూచి, తన దేశమునకు ఆ వార్త వ్రాసెను. ఫ్రాన్సులో ఆ పద్ధతి నిలువలేదు. అమెరికా సర్కారు ఆయుధశాలలలో వేళ్ళు పాఱెను. ఎలై విట్నీ యనునతడు 1801లో దీనిని సాధించి చూపెనని చాలకాలము చెప్పుకొనిరి గాని, అతని తుపాకులను పిదప పరీక్షించినవారికి తునుకలు నిజముగా మాఱ్చుకొనదగినవి కాలేదు. నిజముగా సాధించినవాడు 1820 ప్రాంతములందు హార్పర్సు ఫెర్రీలో పనిచేసిన జాన్ హాలు. పేరు ఒకరిది, శ్రమ మఱియొకరిది యగుట చరిత్రలో క్రొత్త కాదు.

మరమేకుల సంగతియు నట్టిదే. ఒక్కొక్క కార్ఖానా తన యిష్టము వచ్చిన మరలు కోసెడిది. ఒకచోటి బోల్టుకు మఱియొకచోటి నట్టు ఎక్కదు. 1841లో జోసెఫ్ విట్‌వర్తు ఇంగ్లండులో మరల వాలును, సంఖ్యను ఒకే తీరున నుంచవలెనని ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు మఱియొక కొలతను ప్రతిపాదించెను. రెండు దేశములకు రెండు కొలతలైనందున కలిగిన చిక్కు నూఱేండ్లు వేధించెను. నేడు మన చేతిలోని పది నంబరు పానా జపానుబండి బోల్టుకును, జర్మనీబండి బోల్టుకును పట్టుచున్నదనిన, దాని వెనుక ఎందఱి తగవులు తీరవలసివచ్చెనో ఆలోచింపుడు.

హెన్రీ లీలాండు ఈ యాయుధశాలల బిడ్డ. అమెరికా అంతర్యుద్ధకాలమున స్ప్రింగుఫీల్డు ఆయుధశాలలోను, పిదప కోల్టు తుపాకుల కర్మాగారములోను పనిచేసి, వెండ్రుకవాసి కొలతను మతము వలె పాటించుట నేర్చుకొనెను. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సు మైదానమున రాయల్ ఆటోమొబైలు క్లబ్బువారు అతని కాడిలాకు బండ్లు మూడింటిని పరీక్షించిరి. మూడు బండ్లను పూర్తిగా ఊడదీసి తునుకలన్నిటిని ఒకే కుప్పగా కలిపివేసిరి. అందు 89 తునుకలను తీసివేసి అంగడినిలువనుండి క్రొత్తవి ఉంచిరి. పిదప పానాలు, స్క్రూడ్రైవర్లు తప్ప ఆకురాయి ముట్టకుండ మూడు బండ్లను తిరిగి కూర్చిరి. రంగులు కలగలిసి విదూషకుని దుస్తుల వలె నున్న ఆ బండ్లు ఒక్కొక్కటి 500 మైళ్ళు చెడకుండ నడచెను. చూచినవారిలో పెక్కుమంది ఇంగ్లీషు నిర్మాతలకు అది జరుగునన్న నమ్మకమే లేకుండెను. ఆ యేటి డ్యూయరు ట్రోఫీ కాడిలాకునకు లభించెను.

నేడు ఇంటివాడొకడు పెట్టెలోనుండి క్రొత్త ఆల్టర్నేటరును తీసి, రెండు బోల్టులు దూర్చి బిగించుచున్నప్పుడు అవి ఇంచి యైనను తప్పకుండ తమ రంధ్రములలో దిగుట ఆ మైదానమున జరిగిన పరీక్షకు సంతానమే. వానికి నేర్పు లేకపోయినను పని జరుగుచున్నదనిన, ఆ నేర్పు ముందే ఎవరో యంత్రములోనికి చేర్చియుంచిరని యర్థము.

మరల కరెంటు సంగతికి వత్తము. డైనమోలో అయస్కాంతము నిలిచియుండును, తీగచుట్ట తిరుగును. పుట్టిన కరెంటంతయు ఆ తిరుగుచున్న తీగనుండి కమ్యుటేటరు ద్వారా, దానిని రాచుకొనుచుండు బొగ్గుబ్రషుల ద్వారా వెలికి రావలెను. రాపిడివలన రవ్వలు లేచును; బ్రషులు అరుగును; మిక్కిలి వేగముగా త్రిప్పిన బరువైన తీగచుట్ట చెదరును. అందుచే దానిని మెల్లగానే త్రిప్పవలెను. మెల్లగా త్రిప్పిన పక్షమున, బండి నిలిచి ఇంజను ఊరక తిరుగుచున్నపుడు అది కరెంటు నీయదు. డైనమో గల బండ్లలో రాత్రివేళ బండి నిలిచినంతనే దీపములు మందగించుట కిదియే కారణము. అదియు గాక, డైనమో నెమ్మదించినపుడు బ్యాటరీయే దానిని మోటారువలె త్రిప్పజూచును. అది జరుగకుండ కటౌటు అను మీట యొకటి తగిలింపవలసివచ్చెను.

ఆల్టర్నేటరు దీనిని తలక్రిందులు చేసెను. అందు అయస్కాంతము తిరుగును, తీగచుట్ట నిలిచియుండును. అయస్కాంతమును బలపఱచుటకు వలసిన నాలుగైదు ఆంపియరుల కరెంటు మాత్రమే నున్నని కడియములమీద బ్రషులద్వారా లోనికి పోవును. పెద్ద కరెంటు కదలని తీగనుండి నేరుగా వెలువడును. వేగముగా త్రిప్పినను చెదరదు. కాబట్టి ఇంజను మెల్లగా నున్నను ఇది చాలినంత వేగముగా తిరుగును. ఇందు పుట్టునది మన పొలములలో పంపుమోటార్లకు వచ్చునట్టి త్రీఫేజు కరెంటే.

అయితే బ్యాటరీ కొఱకు దానిని ఒకే వైపునకు మరలింపవలెను కదా. ఇదియే పెద్ద అడ్డు. 1940 తరువాత అమెరికాలో లీస్ నెవిలు అను కంపెనీవారు పోలీసుబండ్లకు, అంబులెన్సులకు ఆల్టర్నేటర్లు అమర్చిరి గాని, కరెంటును మరలించుటకు వారు వాడిన సెలీనియం పలకలు పెద్ద పెట్టెలో గాని ఇమిడెడివి కావు. 1950 తరువాత సిలికాను డయోడులు వచ్చెను. డయోడు అనగా కరెంటుకు ఫుట్ వాల్వు. నూతిలోని పంపుగొట్టము చివర నుండు ఫుట్ వాల్వు నీటిని పైకి రానిచ్చునే గాని క్రిందికి పోనీయదు. అట్లే డయోడు కరెంటును ఒకే వైపు పోనిచ్చును. బొటనవ్రేలి గోరంతటివి ఆఱు డయోడులను ఆల్టర్నేటరు వెనుక మూతలోనే అమర్చగా కమ్యుటేటరుతోను, కటౌటుతోను పని లేకపోయెను. 1960లో క్రైస్లరు కంపెనీ వాలియంటు అను బండికి దీనిని అందఱికిని ఇచ్చుట మొదలుపెట్టెను. మూడేండ్లలో జనరల్ మోటార్సువారును అనుసరించిరి. ఆ దశాబ్దము ముగియునప్పటికి అమెరికాలో డైనమో పాతవస్తువయ్యెను. మన దేశమున మదరాసులో 1961లో ఏర్పడిన లూకాస్ టీవీయస్ కంపెనీవారు ఇట్టి విద్యుత్ భాగములను చేయుచు వచ్చిరి. పిక్సీ దోషమని తలచి సరిదిద్దిన ఏకాంతర ప్రవాహమే నూటయిరువదియెనిమిది యేండ్ల తరువాత మోటారుబండిలో గౌరవము పొందెను.

ఇంటివాడు పానా పట్టుకొనుటకు ధైర్యము కలిగించిన మఱియొక కారణము పుస్తకము. కంపెనీలు వ్రాసిన మరమ్మతు గ్రంథములు శిక్షణ పొందిన మెకానిక్కులకే గాని సామాన్యునికి తెలియునట్లుండెడివి కావు. ఇంగ్లండువాడైన జాన్ హేన్సు వైమానికదళములో నుండగా ఒక మిత్రుని స్ప్రైటు బండిని ఊడదీసి కూర్చవలసివచ్చెను. అప్పుడు అడుగడుగునకు ఛాయాచిత్రములు తీసి, ఆ చిత్రములతో 1966లో మొదటి పుస్తకమును అచ్చువేసెను. తాను చేయని పనిని వ్రాయరాదని అతని నియమము. నేను మెచ్చునది ఆ నియమమును.

ఇక మొదటిసారి చేయువాడు తెలిసికొనవలసినది. ఎఱ్ఱదీపము వెలిగినంతనే ఆల్టర్నేటరు చెడెనని నిశ్చయింపరాదు. ఇంజను ఆపియుండగా నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దాపున చూపును. ఇంజను తిరుగుచుండగా 14 వోల్టుల దాపునకు పెరుగవలెను. పెరుగని పక్షమున ముందు బెల్టు వదులా, బ్యాటరీ కొసలకు పచ్చని పూత పట్టెనా, బండి శరీరమునకు పోవు తీగ విఱిగెనా యని చూడవలెను. మంచి ఆల్టర్నేటరును పాఱవేసి, వదులు బెల్టును అట్లే యుంచుకొన్నవారు కలరు.

తీయుటకు ముందు బ్యాటరీయొక్క ఋణపు కొసను విప్పవలెను. ఇది ఆచారము కాదు. ఆల్టర్నేటరు వెనుక లావుతీగ బ్యాటరీనుండి నేరుగా వచ్చును. ఇంజను ఆపినను అందు ప్రాణముండును. పానా యొక కొన ఆ నట్టుమీదను, మఱియొక కొన ఇంజను ఇనుముమీదను పడెనా, పానా యెఱ్ఱగా కాలును. వ్రేలి ఉంగరము తగిలిన వ్రేలే పోవచ్చును. ఉంగరమును, గడియారమును ముందే తీసియుంచవలెను. బెల్టు ఏ చక్రముమీదుగా ఏ చక్రముక్రిందుగా పోవుచున్నదో కాగితముమీద గీసికొనవలెను, జ్ఞాపకమును నమ్మరాదు. పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నుంచి బోల్టుల చెవులు, కప్పీ గాడులు, తీగల ముడి సరిపోవునో లేదో బిగించుటకు ముందే చూచుకొనవలెను. బ్యాటరీ కొసను అన్నిటికంటె చివర తగిలింపవలెను.

డైనమో కాలమున నేర్చిన విద్య కొంత ఇచట విషమగును. ఇది ముఖ్యము, ఏలయన, అనుభవశాలులే ఈ తప్పిదమున పడుదురు. పూర్వము మెకానిక్కులు ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగను లాగి, ఇంజను ఆగకున్న డైనమో మంచిదని చెప్పెడివారు. ఆల్టర్నేటరు గల బండిలో అట్లు లాగిన యెడల, భారము హఠాత్తుగా తగ్గుటచే వోల్టులు క్షణకాలము వంద దాపునకును ఎగయవచ్చును. డయోడులును, నేటి బండ్లలోని కంప్యూటరులును కాలిపోవును. క్రొత్త డైనమోను బిగించినపుడు దాని అయస్కాంతమునకు దిక్కు నేర్పుటకై బ్యాటరీనుండి ఒక తీగను తాకించెడివారు; ఆల్టర్నేటరునకు ఆ పని కూడదు. 1960 తరువాత కొన్ని యేండ్ల వఱకును ఇంగ్లీషుబండ్లు పెక్కింటిలో బ్యాటరీయొక్క ధనపు కొసయే బండి శరీరమునకు తగిలియుండెడిది. ఆ యలవాటు చొప్పున నేటి బండికి బ్యాటరీని తాఱుమాఱుగా తగిలించిన ఆఱు డయోడులును ఒక్క క్షణములో పోవును.

నేడు మరల మార్పు వచ్చినది. 1997లో జపానునందు వెలువడిన ప్రియసు వంటి హైబ్రిడు బండ్లలో వేఱుగా ఆల్టర్నేటరు లేదు. ఇంజనును త్రిప్పునదియు, కరెంటు పుట్టించునదియు కెటరింగు నాటి వలె మోటారు యంత్రములే. వాటిలో నారింజరంగు తొడుగు గల తీగలయందు వందలకొలది వోల్టులుండును. వాటి జోలికి ఇంటివాడు పోరాదు.

పాశ్చాత్యదేశములలో కూలి ప్రియము గనుక చెడిన ఆల్టర్నేటరును మొత్తముగా మాఱ్చుదురు. పాతది అంగడికి తిరిగి ఇచ్చిన వానికి కొంత ధర తగ్గింతురు. ఆ పాతది కర్మాగారమునకు పోయి లోపలి భాగములు మాఱి తిరిగి అమ్మకమునకు వచ్చును. విజయవాడ ఆటోనగరు వంటి మన చోట్లలో పద్ధతి వేఱు. అచటి పనివాడు ఆల్టర్నేటరును బల్లమీద విప్పి, బ్రషులు అరిగినవో, బేరింగు మ్రోగుచున్నదో, డయోడులలో ఏది పోయినదో చూచి, పోయినదానినే మాఱ్చును. మొత్తము మాఱ్చుట సులువు. ఏది పోయినదో కనిపెట్టుట విద్య. అయితే అతడు వేయు బ్రషుకూడ పెట్టెలోనుండి వచ్చినదే, ఆకురాయి తగులకయే తన గూటిలో దిగునదే. ఇంటివద్ద చేయదలచినవాడు ముందుగా అట్టివాని చెంత ఒక గంటసేపు నిలిచి చూచిన యెడల, క్రొత్త యంత్రము కొనవలెనో, రెండు బ్రషులు కొన్న చాలునో అతడే చెప్పును.